లౌడ్‌స్పీకర్ల వైఫల్యం

లౌడ్‌స్పీకర్ల వైఫల్యం అంటే విద్యుత్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే లౌడ్‌స్పీకరు పూర్తిగా మూగబోవడం, లేదా గరగర శబ్దంతో వికృతంగా పలకడం. దీనికి ప్రధాన కారణాలు మూడు: మితిమీరిన వేడి, మితిమీరిన కదలిక, వయసుతో పదార్థాలు క్షీణించడం. స్పీకరు కాలిపోయినప్పుడు సాధారణంగా ఎక్కువ వాల్యూము పెట్టినవారినే తప్పుపడతారు. కాని ఒకే నమూనాకు చెందిన రెండు స్పీకర్లను ఒకే విధంగా వాడినప్పుడు ఒకటి ఇరవై ఏళ్ళు పనిచేసి, రెండవది ఏడాదికే పాడైతే ఆ తేడాకు కారణం వాడకంలో కాక తయారీలో ఉంటుంది. స్పీకరులోని భాగాలలో చాలా వాటిని కలిపి ఉంచేది జిగురు. బలహీనమైన అతుకు కూడా కర్మాగారం నుండి బయటకు వచ్చే రోజున బాగానే పనిచేస్తుంది కాబట్టి తుది పరీక్షలో ఆ లోపం బయటపడదు. అందువలన స్పీకరు మన్నిక తుది పరీక్ష మీద కంటే తయారీలోని ప్రతి దశలో పాటించిన క్రమశిక్షణ మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

అయస్కాంత క్షేత్రంలో కదిలే తీగచుట్ట అనే ఊహను 1874లో జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్ పేటెంటు రూపంలో వర్ణించాడు. 1898లో బ్రిటిష్ భౌతికశాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జ్ ఇదే సూత్రం మీద మరొక పేటెంటు పొందాడు. 1915లో అమెరికాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్‌లు కదిలే చుట్టకు హారన్‌ను జోడించి బహిరంగ సభలలో వినిపించగల స్పీకరును ప్రదర్శించారు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్‌లు ప్రచురించిన పరిశోధన పత్రం కాగితపు కోన్ గల స్పీకరుకు శాస్త్రీయమైన పునాది వేసింది. నేడు ఇళ్ళలో, కార్లలో, సభలలో వాడే స్పీకర్లలో అత్యధిక భాగం ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి.

ఈ వందేళ్ళలో మూలసూత్రం మారలేదు. మారినవి పదార్థాలు. కాగితపు గొట్టం స్థానంలో అల్యూమినియం, గాజు పీచు, పాలీఇమైడ్ వంటి వేడిని తట్టుకొనే పదార్థాలు వచ్చాయి. జిగురులలో ఎపాక్సీలు, ఆక్రిలిక్‌లు వచ్చాయి. కనుక స్పీకరు ఎంత వేడిని, ఎంత కదలికను ఓర్చుకుంటుంది అనేది ముఖ్యంగా ఈ పదార్థాల ఎంపిక మీద, వాటిని అతికించే తీరు మీద ఆధారపడి ఉంటుంది.

నిర్మాణం

వైఫల్యాన్ని అర్థం చేసుకొనడానికి ముందు స్పీకరులోని భాగాలను తెలుసుకోవాలి.

* వాయిస్ కాయిల్: ఎనామిల్ పూత గల సన్నని రాగి తీగను గాని, అల్యూమినియం తీగను గాని ఒక చిన్న గొట్టం మీద చుట్టి దీనిని తయారుచేస్తారు. ఆ గొట్టాన్ని ఫార్మర్ అంటారు.
* అయస్కాంతం: ఉక్కు పలకల మధ్య అమర్చిన ఈ అయస్కాంతం ఒక వలయాకారపు సన్నని సందులో బలమైన క్షేత్రాన్ని కల్పిస్తుంది. కాయిల్ ఈ సందులోనే కదులుతుంది.
* కోన్: కాయిల్‌కు అతికించి ఉండే గరాటు ఆకారపు పొర. ఇది గాలిని ముందుకు, వెనుకకు నెట్టి ధ్వనిని పుట్టిస్తుంది.
* స్పైడర్: కాయిల్‌ను సందు మధ్యలో నిలిపి ఉంచే ముడతల గుడ్డ.
* సరౌండ్: కోన్ వెలుపలి అంచును చట్రానికి కలిపే మెత్తని వలయం. దీనిని రబ్బరు, ఫోమ్, గుడ్డ వంటి పదార్థాలతో చేస్తారు.
* టిన్సెల్ తీగలు: చట్రం మీది టెర్మినల్ నుండి కదులుతున్న కాయిల్‌కు విద్యుత్తును చేరవేసే మెత్తని అల్లిక తీగలు.
* చట్రం: వీటన్నిటినీ పట్టి ఉంచే లోహపు బుట్ట. దీనిని ఉక్కు రేకును ఒత్తి గాని, అల్యూమినియంను పోత పోసి గాని తయారుచేస్తారు.

కాయిల్‌కు, సందు గోడలకు మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని పదవ వంతులు మాత్రమే. ఈ ఖాళీ ఎంత తక్కువైతే అయస్కాంత క్షేత్రం అంత బలంగా ఉంటుంది, కాయిల్ వేడి కూడా ఉక్కు పలకలకు అంత త్వరగా చేరుతుంది. కాని ఖాళీ తగ్గిన కొద్దీ కాయిల్ ఏమాత్రం పక్కకు ఒరిగినా గోడకు రాసుకుంటుంది. మంచి పనితీరుకు సన్నని సందు కావాలి, సన్నని సందుకు కచ్చితమైన తయారీ కావాలి.

వేడి వలన వైఫల్యం

కోన్ స్పీకరు విద్యుత్తును ధ్వనిగా మార్చడంలో చాలా అసమర్థమైన పరికరం. ఒక వాటు విద్యుత్తు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో 92 డెసిబెళ్ళ ధ్వనిని ఇచ్చే స్పీకరు సామర్థ్యం సుమారు 1 శాతం. ఇంటిలో వాడే స్పీకర్లలో చాలా వాటి సామర్థ్యం అంతకంటే తక్కువ. అనగా 100 వాట్లు ఇస్తే సుమారు 1 వాటు మాత్రమే ధ్వనిగా మారి, మిగిలిన 99 వాట్లు వేడిగా మారతాయి. ఆ వేడిలో దాదాపు అంతా పుట్టేది కాయిల్‌లోనే. రేడియో మరమ్మత్తు దుకాణాలలో వాడే సోల్డరింగ్ ఐరన్ సామర్థ్యం సాధారణంగా 25 వాట్లు. 100 వాట్లను నిరంతరంగా పంపితే అటువంటి నాలుగు ఐరన్‌ల వేడి కొద్ది గ్రాముల తీగలో పుడుతుంది.

రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద 6 ఓములు ఉన్న కాయిల్ మరొక 200 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం 10.7 ఓములకు చేరుతుంది. అప్పుడు అదే వోల్టేజికి స్పీకరు తీసుకొనే విద్యుత్ సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయి ధ్వని తగ్గుతుంది. దీనిని పవర్ కంప్రెషన్ అంటారు. ధ్వని తగ్గిందని వాల్యూము పెంచితే కాయిల్ మరింత వేడెక్కుతుంది. గంటల తరబడి సాగే ఊరేగింపులలో, సభలలో స్పీకర్లు చివరి భాగంలో కాలిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

వేడి పెరిగిన కొద్దీ ముందుగా తీగ చుట్లను కలిపి ఉంచే జిగురు మెత్తబడుతుంది. చుట్లు వదులై సందు గోడకు రాసుకుంటాయి. ఆ తరువాత ఎనామిల్ మాడి పక్కపక్క చుట్లు కలిసిపోతాయి, లేదా తీగ తెగిపోతుంది. కాగితపు ఫార్మర్ అయితే నల్లబడి పెళుసుగా మారుతుంది. అల్యూమినియం ఫార్మర్ వేడిని బయటకు చేరవేస్తుంది, కాని అదే వేడిని కోన్ అతుకు దగ్గరకు తీసుకుపోతుంది. కనుక అల్యూమినియం ఫార్మర్ వాడినప్పుడు ఆ అతుకు వద్ద వేడిని తట్టుకొనే జిగురు తప్పనిసరి.

క్లిప్పింగ్

యాంప్లిఫయరు తన శక్తికి మించి సంకేతాన్ని పెంచవలసి వచ్చినప్పుడు అలల శిఖరాలు కత్తిరించినట్లు చదునుగా మారతాయి. దీనిని క్లిప్పింగ్ అంటారు. గుండ్రని సైన్ తరంగం పూర్తిగా చతురస్రాకారపు తరంగంగా మారితే, అదే శిఖర వోల్టేజికి దాని సగటు సామర్థ్యం రెట్టింపు అవుతుంది. 100 వాట్ల యాంప్లిఫయరు ఈ స్థితిలో 200 వాట్ల వరకు ఇవ్వగలదు. సంగీతంలో సాధారణంగా శిఖరాలు ఎక్కువగా, సగటు తక్కువగా ఉంటాయి. శిఖరాలను కత్తిరించి వాల్యూము పెంచిన కొద్దీ సగటు పెరిగిపోతుంది, కాయిల్ చల్లబడే వ్యవధి తగ్గిపోతుంది. పైగా చదునైన తరంగంలో కొత్తగా అధిక పౌనఃపున్యాలు పుడతాయి. క్రాసోవరు వాటిని ట్వీటరుకు పంపుతుంది. ట్వీటరు కాయిల్ చాలా సన్ననిది కాబట్టి మొదట కాలిపోయేది సాధారణంగా అదే. చిన్న యాంప్లిఫయరు పెద్ద స్పీకరును కాల్చివేయగలదనే మాట వెనుక ఉన్న కారణం ఇది.

ఏకముఖ విద్యుత్తు

యాంప్లిఫయరులోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్ట్ అయితే విద్యుత్ సరఫరాలోని ఏకముఖ వోల్టేజి నేరుగా స్పీకరుకు చేరవచ్చు. ఉదాహరణకు 40 వోల్టులు 6 ఓముల కాయిల్‌కు చేరితే సుమారు 267 వాట్ల వేడి విరామం లేకుండా పుడుతుంది. కోన్ ఒకవైపుకు నెట్టబడి అక్కడే నిలిచిపోతుంది. కాయిల్ కదలదు కాబట్టి చుట్టూ గాలి ఆడదు, కొంత భాగం సందు నుండి బయటకు వచ్చి ఉక్కు పలకలకు దూరమవుతుంది. ఇటువంటి స్పీకరు కొద్ది సెకండ్లలోనే కాలిపోవచ్చు. మంచి యాంప్లిఫయర్లలో ఈ ప్రమాదాన్ని గుర్తించి స్పీకరును విడదీసే రిలే ఉంటుంది.

కదలిక వలన వైఫల్యం

ఒకే స్థాయి ధ్వనిని ఇవ్వడానికి పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడెల్లా కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 80 హెర్ట్జ్‌ల వద్ద 1 మిల్లీమీటరు కదిలిన కోన్ 40 హెర్ట్జ్‌ల వద్ద 4 మిల్లీమీటర్లు, 20 హెర్ట్జ్‌ల వద్ద 16 మిల్లీమీటర్లు కదలవలసి ఉంటుంది. పరిమితి దాటితే ఫార్మర్ అడుగు భాగం వెనుక పలకకు కొట్టుకొని వంగిపోతుంది. లేదా కాయిల్ సందు దాటి బయటకు వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు అంచుకు తట్టుకుంటుంది. స్పైడర్ అతుకు ఊడడం, కోన్ చిరగడం, టిన్సెల్ తీగలు తెగడం కూడా ఇటువంటి కదలిక ఫలితాలే.

స్పీకరు పెట్టె కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగులా పనిచేసి కోన్‌ను అదుపులో ఉంచుతుంది. రంధ్రం గల పెట్టెలో మాత్రం ఆ రంధ్రం శ్రుతి చేసిన పౌనఃపున్యానికి దిగువన ఈ అదుపు దాదాపుగా పోతుంది. ఆ పౌనఃపున్యాలు చెవికి సరిగా వినపడవు కాబట్టి ప్రమాదం జరుగుతున్న సంగతి బయటికి తెలియదు. మైకు చేజారి పడడం, యాంప్లిఫయరు ఆన్‌లో ఉండగా తీగను పీకి పెట్టడం వంటి పనుల వలన వచ్చే దబ్బుమనే శబ్దం కూడా వూఫరును ఒక్క దెబ్బతో పాడుచేయవచ్చు.

హారన్ స్పీకర్లు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో గుడులలో, పెళ్ళిపందిళ్ళలో, ఎన్నికల ప్రచార వాహనాలలో కనిపించే మైకు సెట్లలో హారన్ స్పీకర్ల వాడకం ఎక్కువ. వీటిలో కోన్‌కు బదులు యూనిట్ అని పిలిచే డ్రైవరులో చిన్న డయాఫ్రం ఉంటుంది. హారన్ ఆ డయాఫ్రం మీద గాలి భారాన్ని నిలిపి దాని కదలికను అదుపు చేస్తుంది. ప్రతి హారన్‌కు దాని పరిమాణాన్ని బట్టి ఒక కనిష్ఠ పౌనఃపున్యం ఉంటుంది. అంతకు దిగువన ఈ భారం ఉండదు కాబట్టి డయాఫ్రం అదుపు లేకుండా కొట్టుకుంటుంది. మాటల కోసం రూపొందిన హారన్‌లో డప్పుల మోత గల పాటలను బాస్ పెంచి వినిపిస్తే యూనిట్ త్వరగా పోవడానికి ఇదే కారణం. తక్కువ పౌనఃపున్యాలను అడ్డుకొనే ఫిల్టరును వాడితే, లేదా కనీసం బాస్ నియంత్రణను తగ్గించి ఉంచితే యూనిట్ ఆయుర్దాయం గణనీయంగా పెరుగుతుంది.

దూరపు స్పీకర్లను 100 వోల్టుల లైను మీద ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా కలుపుతారు. ఒక లైను మీది స్పీకర్లన్నిటి వాట్ల మొత్తం యాంప్లిఫయరు వాట్లకు మించితే యాంప్లిఫయరు క్లిప్పింగ్‌లోకి పోయి అన్ని యూనిట్లకూ ముప్పు తెస్తుంది. హారన్ నోటిని పైకి కాక కొద్దిగా కిందికి వంచి బిగించడం వలన వాన నీరు లోనికి చేరదు.

వయసు వలన క్షీణత

కొన్ని పదార్థాలు వాడినా వాడకపోయినా కాలంతో పాడవుతాయి. 1970, 1980 దశకాలలో విరివిగా వాడిన పాలీయురెథేన్ ఫోమ్ సరౌండ్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. గాలిలోని తేమ, వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు ఈ ఫోమ్‌ను నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తాయి. పది, ఇరవై ఏళ్ళకు అది చేతితో తాకితే పొడిగా రాలిపోయే స్థితికి వస్తుంది. అదే కాలపు రబ్బరు, గుడ్డ సరౌండ్లు చాలా వరకు ఇంకా పనిచేస్తున్నాయి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో పూత లేని కాగితపు కోన్ తేమను పీల్చుకొని మెత్తబడుతుంది, ఉక్కు పలకలు తుప్పు పడతాయి. సందులో చేరిన తుప్పు రేణువు కాయిల్‌ను గీకుతుంది.

కొన్ని ట్వీటర్లలో కాయిల్‌ను చల్లబరచడానికి సందులో ఫెర్రోఫ్లూయిడ్ అనే అయస్కాంత ద్రవాన్ని నింపుతారు. ఈ ద్రవాన్ని 1960 దశకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో స్టీవ్ పాపెల్ రూపొందించాడు. చాలా ఏళ్ళకు ఇది ఎండి చిక్కబడినప్పుడు ట్వీటరు ధ్వని తగ్గుతుంది.

అయస్కాంతాలు సాధారణంగా స్పీకరులోని మిగిలిన భాగాల కంటే ఎక్కువ కాలం మన్నుతాయి. ఫెర్రైట్ అయస్కాంతం వేడికి తాత్కాలికంగా బలహీనపడినా చల్లబడిన తరువాత తిరిగి కోలుకుంటుంది. 1980 దశకం మొదట్లో కనుగొన్న నియోడైమియమ్ అయస్కాంతాలు తేలికైనవి, చాలా బలమైనవి. కాని వాటిలో సాధారణ రకాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే కొంత శక్తిని శాశ్వతంగా కోల్పోవచ్చు. పై పూత సరిగా లేకపోతే తుప్పు కూడా పడతాయి. అందువలన వేడి ఎక్కువగా ఉండే చోట వాడే స్పీకరులో ఏ రకం నియోడైమియమ్ వాడారు అనేది ముఖ్యమైన విషయం.

తయారీ నాణ్యత ప్రభావం

కాయిల్ చుట్టడం

తీగను సమానమైన బిగువుతో చుట్టాలి. బిగువు ఎక్కువైతే తీగ సాగి ఎనామిల్ పగులుతుంది. తక్కువైతే చుట్ల మధ్య ఖాళీలు మిగులుతాయి. చుట్టిన కాయిల్‌ను నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద నిర్ణీత కాలం వేడిచేసి జిగురును గట్టిపరుస్తారు. ఉత్పత్తిని పెంచడం కోసం ఈ వ్యవధిని తగ్గిస్తే జిగురు పూర్తిగా గట్టిపడదు. అటువంటి కాయిల్ తక్కువ వాల్యూము వద్ద ఏళ్ళ తరబడి పనిచేయవచ్చు, కాని మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు దాని చుట్లు విడిపోతాయి.

అతుకులు

స్పీకరులో అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడిని భరించేది కోన్, స్పైడర్, ఫార్మర్ మూడూ కలిసే అతుకు. కాయిల్‌లో పుట్టిన బలమంతా ఈ అతుకు ద్వారానే కోన్‌కు చేరుతుంది. ఇక్కడ జిగురు తక్కువైతే అతుకు ఊడుతుంది. ఎక్కువైతే కోన్ బరువెక్కి ధ్వని మారుతుంది. వేలి ముద్రల జిడ్డు, దుమ్ము, అచ్చుల నుండి అంటిన నూనె ఉన్న చోట జిగురు పట్టదు. రెండు ద్రవాలను కలిపి వాడే ఎపాక్సీలో కలిపే నిష్పత్తి తప్పితే అతుకు ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. సయనోఅక్రిలేట్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి ఎండాకాలంలోను, వానాకాలంలోను ఒకే కర్మాగారంలో దాని ప్రవర్తన వేరుగా ఉంటుంది. అందువలన శ్రద్ధ గల తయారీదారులు అతుకులు వేసే గదిలో ఉష్ణోగ్రతను, తేమను నియంత్రిస్తారు.

కేంద్రీకరణ

కాయిల్‌ను సందులో సరిగా నడుమన నిలపడానికి కాయిల్ లోపల సన్నని ప్లాస్టిక్ పట్టీని గాని, లోహపు అచ్చును గాని ఉంచి, స్పైడర్ జిగురు గట్టిపడిన తరువాత తీసివేస్తారు. జిగురు ఆరకముందే దీనిని తీస్తే కాయిల్ కొద్దిగా ఒరుగుతుంది. అది చల్లగా ఉన్నప్పుడు గోడకు తగలకపోవచ్చు. వేడెక్కి వ్యాకోచించినప్పుడు రాసుకోవడం మొదలవుతుంది. పలుచని రేకు చట్రం ఉన్న స్పీకరును చదునుగా లేని పలకకు బిగించినప్పుడు కూడా చట్రం వంగి ఇదే ఫలితం వస్తుంది.

అయస్కాంతపు అమరిక

ఫెర్రైట్ అయస్కాంతాన్ని చాలా స్పీకర్లలో ఉక్కు పలకలకు జిగురుతో అతికిస్తారు. ఈ అతుకు బలహీనంగా ఉంటే లారీలో దెబ్బ తగిలినప్పుడు గాని, పెట్టె కింద పడినప్పుడు గాని బరువైన అయస్కాంతం పక్కకు జరిగి కాయిల్‌ను సందులో బిగించివేస్తుంది. ఇటువంటి స్పీకరు ఒక్కసారి కూడా మోగకుండానే పాడవుతుంది. సందులో లోహపు రజను చేరకుండా ఉండడానికి అయస్కాంతీకరణను సాధారణంగా భాగాలన్నీ కూర్చిన తరువాత చేస్తారు. ముందే అయస్కాంతీకరిస్తే గాలిలోని ఇనుప రజను సందులోకి లాగబడి అక్కడే ఉండిపోతుంది.

టిన్సెల్ తీగలు, టంకం

టిన్సెల్ తీగలో నూలు లేదా కృత్రిమ దారం చుట్టూ సన్నని రాగి రేకును చుట్టి అల్లుతారు. 50 హెర్ట్జ్‌ల ధ్వనిని గంటసేపు వినిపిస్తే ఈ తీగ 1,80,000 సార్లు వంగుతుంది. టంకం వేసేటప్పుడు వేడి ఎక్కువైతే కరిగిన టంకం దారం వెంట లోనికి పాకి ఆ భాగం గట్టిపడుతుంది. గట్టిపడిన భాగం ముగిసే చోట తీగ మళ్ళీ మళ్ళీ వంగి తెగుతుంది. తీగ అవసరమైన దానికంటే పొడవుగా ఉంటే కోన్‌కు తగిలి చప్పుడు చేస్తుంది, పొట్టిగా ఉంటే గుంజుకొని తెగుతుంది.

పరీక్షలు, వాటి పరిమితులు

తయారైన ప్రతి స్పీకరుకు తక్కువ పౌనఃపున్యం నుండి ఎక్కువ పౌనఃపున్యం వరకు మారే సైన్ తరంగాన్ని ఇచ్చి పరీక్షిస్తారు. రాపిడి, వదులు భాగాల అదురు ఉంటే ఈ పరీక్షలో వినిపిస్తాయి. ఒకప్పుడు అనుభవం గల కార్మికులు చెవితో విని నిర్ణయించేవారు. తరువాత మైక్రోఫోన్లు, కంప్యూటర్లు ఆ పని చేయడం మొదలుపెట్టాయి. జర్మనీకి చెందిన వుల్ఫ్‌గాంగ్ క్లిప్పెల్ ఈ రంగంలో గుర్తింపు పొందిన శాస్త్రజ్ఞుడు. ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్‌ల పేర్లతో ప్రసిద్ధమైన కొలతలు కూడా ఇందుకు పనికివస్తాయి. ఉదాహరణకు స్పీకరు సహజ పౌనఃపున్యం నిర్ణీత విలువ కంటే తక్కువగా ఉంటే కదిలే భాగాల బరువు పెరిగిందని గాని, స్పైడర్ మెత్తగా ఉందని గాని గ్రహించవచ్చు.

ఈ పరీక్షలు ఆ రోజున ఉన్న లోపాన్ని మాత్రమే పట్టుకుంటాయి. సగం గట్టిపడిన జిగురు, టంకం పాకిన తీగ ఆ రోజున మంచి వాటి మాదిరిగానే పలుకుతాయి. అతుకు బలాన్ని నిజంగా కొలవాలంటే దానిని విరగగొట్టి చూడాలి, విరగగొట్టిన స్పీకరును అమ్మలేరు. అందువలన ప్రతి విడత నుండి కొన్ని నమూనాలను తీసి చెడిపోయేవరకు పరీక్షిస్తారు. ఐఇసి 60268-5 ప్రమాణంలో 100 గంటల పాటు ప్రత్యేకంగా రూపొందించిన రొదను వినిపించే పరీక్ష ఉంది. అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 1984లో ప్రకటించిన ప్రమాణంలో పరీక్షా కాలం రెండు గంటలు.

నమూనాల పరీక్ష మిగిలిన వాటికి వర్తించాలంటే అన్నీ ఒకే విధంగా తయారై ఉండాలి. ఇక్కడే గణాంక పద్ధతుల అవసరం వస్తుంది. 1924లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ తయారీలోని హెచ్చుతగ్గులను గమనించడానికి నియంత్రణ పటాన్ని రూపొందించాడు. ఆ సంస్థ టెలిఫోను పరికరాలతో పాటు తొలి టాకీ సినిమాహాళ్ళకు స్పీకర్లను కూడా తయారుచేసింది. జిగురు బరువు, పొయ్యి ఉష్ణోగ్రత, తీగ బిగువు వంటి వాటిని రోజూ నమోదు చేసి, పటంలో తేడా కనిపించగానే సరిదిద్దడం ఈ పద్ధతి సారాంశం. లోపం పుట్టిన తరువాత వెతకడం కంటే పుట్టకుండా చూడడం దీని ఉద్దేశం.

వైఫల్య రేటు

ఒక నమూనాకు చెందిన అనేక పరికరాల వైఫల్యాలను కాలంతో పాటు గీస్తే వచ్చే రేఖ స్నానపు తొట్టె ఆకారంలో ఉంటుంది. మొదట్లో తయారీ లోపాల వలన వైఫల్యాలు ఎక్కువగా ఉంటాయి. తరువాత చాలా కాలం తక్కువగా ఉండి, చివరకు పదార్థాలు అరిగిపోవడం వలన మళ్ళీ పెరుగుతాయి. వారంటీ కాలం ప్రధానంగా మొదటి భాగానికి సంబంధించినది. కొందరు తయారీదారులు స్పీకర్లను కొన్ని గంటలు మోగించి, ఆ వ్యవధిలో పాడైన వాటిని తొలగించి మిగిలిన వాటిని అమ్ముతారు. దీని వలన తొలి వైఫల్యాలు కొంత తగ్గుతాయి. చౌక జిగురుతో, ఫోమ్‌తో ముందుకు జరిగిన చివరి భాగాన్ని మాత్రం ఇది వెనుకకు నెట్టలేదు.

వాట్ల లెక్కలు

స్పీకరు మీద ముద్రించిన వాట్ల సంఖ్య మన్నికకు కొలత కాదు. ఏ ప్రమాణం ప్రకారం, ఎంతసేపు, ఏ సంకేతంతో పరీక్షించారు అనేది చెప్పకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు. టేప్ రికార్డర్ల మీద, కంప్యూటర్ స్పీకర్ల మీద కనిపించిన పిఎంపిఓ అనే వేల వాట్ల సంఖ్యలకు అందరూ అంగీకరించిన నిర్వచనం లేదు. చిన్న అడాప్టరుతో నడిచే పరికరం ఆ అడాప్టరు ఇచ్చే సామర్థ్యాన్ని మించి నిరంతరంగా ఇవ్వలేదు. ఇటువంటి సంఖ్యలను నమ్మి స్పీకరుకు తగని యాంప్లిఫయరును కలపడం కూడా వైఫల్యానికి దారితీస్తుంది.

పాడైన స్పీకరును పరిశీలించడం

స్పీకరు పాడైనప్పుడు తప్పు వాడుకరిదా, తయారీదారుదా అనే వివాదం వారంటీ విషయంలో తరచుగా వస్తుంది. పాడైన స్పీకరులోనే దీనికి చాలా వరకు ఆధారాలు ఉంటాయి.

* మల్టీమీటరుతో కొలిచినప్పుడు 8 ఓముల స్పీకరు సుమారు 5.5 నుండి 7 ఓములు చూపాలి. అసలు చూపకపోతే తీగ ఎక్కడో తెగినట్లు. చాలా తక్కువ చూపితే చుట్లు కలిసిపోయినట్లు.
* కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో సమానంగా మెల్లగా నొక్కినప్పుడు గీకుతున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకుంటున్నట్లు.
* కాయిల్ అంతా సమానంగా నల్లబడి ఉంటే ఎక్కువ కాలం అధిక సామర్థ్యం ఇచ్చినట్లు. ఇది సాధారణంగా వాడకానికి సంబంధించినది.
* కాయిల్‌లో సందుకు వెలుపల ఉన్న భాగం మాత్రమే మాడి ఉంటే ఏకముఖ విద్యుత్తును అనుమానించాలి. స్పీకరుతో పాటు యాంప్లిఫయరును కూడా పరీక్షించకుండా కొత్త స్పీకరును కలిపితే అది కూడా కాలిపోతుంది.
* ఫార్మర్ అడుగు అంచు నలిగి ఉంటే కదలిక మితిమీరినట్లు.
* కాయిల్ రంగు మారకుండా శుభ్రంగా ఉండి టిన్సెల్ తీగ టంకం దగ్గర తెగి ఉంటే, లేదా జిగురు పొర అంటుకోకుండా నున్నగా ఊడి వచ్చి ఉంటే తయారీ లోపాన్ని అనుమానించడానికి బలమైన ఆధారం ఉన్నట్లు.
* కాయిల్ ఒకే పక్కన అరిగి ఉంటే కేంద్రీకరణ లోపం గాని, చట్రం వంగడం గాని కారణం కావచ్చు.

నివారణ

యాంప్లిఫయరు మీద క్లిప్పింగ్ సూచించే ఎర్ర దీపం పదే పదే వెలుగుతుంటే వాల్యూము తగ్గించాలి. ధ్వని చాలనప్పుడు ఉన్న స్పీకరును బలవంతం చేయడం కంటే ఎక్కువ సామర్థ్యం గల స్పీకరును గాని, మరొక స్పీకరును గాని వాడడం మేలు. ధ్వనిని 3 డెసిబెళ్ళు పెంచాలంటే రెండు రెట్లు, 10 డెసిబెళ్ళు పెంచాలంటే పది రెట్లు వాట్లు కావాలి. అదే 100 వాట్లకు 3 డెసిబెళ్ళు ఎక్కువ ధ్వని ఇచ్చే స్పీకరును ఎంచుకుంటే కాయిల్ వేడి పెరగదు. పరికరాలను కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు యాంప్లిఫయరు వాల్యూము పూర్తిగా తగ్గించాలి. మైకు సెట్టును ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయరును చివరగా, ఆఫ్ చేసేటప్పుడు మొదటగా కట్టాలి.

పాడైన స్పీకరును ప్రతిసారీ పారవేయనవసరం లేదు. అయస్కాంతం, చట్రం బాగా ఉంటే కోన్, కాయిల్, స్పైడర్‌లను మార్చి తిరిగి వాడవచ్చు. అప్పుడు మరమ్మత్తు చేసే వ్యక్తి తయారీదారు స్థానంలో ఉంటాడు. సందును శుభ్రం చేయడం, కాయిల్‌ను నడుమన నిలపడం, జిగురును పూర్తిగా ఆరనివ్వడం అనే మూడు పనులలో ఏ ఒక్కటి లోపించినా మరమ్మత్తు చేసిన స్పీకరు కూడా పాత కారణంతోనే తిరిగి పాడవుతుంది.